నీటిలోని పాషాణం – మధుమేహం : ఒక పరిశీలన

మధుమేహమనగానే మన ఇళ్లలో మొదట వినవచ్చే మాట చక్కెర. ఎవరికైనా ఆ వ్యాధి ఉన్నదని తెలియగానే 'మిఠాయిలు మితిమీరి తిన్నాడు', 'పెండ్లి విందులో ఖుబానీ కా మీఠా రెండు మార్లు వడ్డించుకున్నాడు' అని బంధువర్గం తీర్పు చెప్పివేస్తుంది. రోగి తలవంచుకొని వింటాడు. వంశపారంపర్యం, స్థూలకాయం, శరీరశ్రమ లేకపోవడం, వయోభారం అనేవి ఈ వ్యాధికి ప్రధాన హేతువులని వైద్యశాస్త్రం చెబుతున్నది. అందులో సందేహం లేదు. అయితే భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, మన దేశంలో మధుమేహ పీడితుల సంఖ్య సుమారు 10.1 కోట్లని తేలింది. ఇంతటి సంఖ్య ఎదుట నిలిచినప్పుడు, మనం తినే దానిని గురించియే గాక త్రాగే దానిని గురించి కూడ ప్రశ్నింపవలసిన అవసరం కలుగుతున్నది. భూగర్భజలంలో కరగి ఉండే కొన్ని విషలోహాలకు, మధుమేహానికి సంబంధం ఉన్నదా? ఉన్నదని కొందరు శాస్త్రజ్ఞులు, ఋజువు చాలదని మరికొందరు దాదాపు మూడు దశాబ్దాలుగా వాదిస్తున్నారు. ఆ వాదోపవాదాలను మా శక్తి కొలది ఈ వ్యాసంలో పరిశీలింప దలచినాము.

ఈ చర్చలో ముఖ్యపాత్ర ఆర్సెనిక్‌ది. దీనిని మన పెద్దలు పాషాణమన్నారు; మా ఉర్దూ విభాగపు మిత్రులు సంఖియా అంటారు. నిక్కచ్చిగా చెప్పవలెనంటే ఇది లోహం కాదు, లోహానికీ అలోహానికీ నడుమ నిలిచే ధాతువు. కాని విషలోహాల పట్టికలో దీనిని చేర్చి చెప్పడం వాడుక అయిపోయినది. రాజుల అంతఃపురాలలో ఒక్క చిటికెతో ప్రాణం తీసిన పాషాణపు కథలు అందరికీ తెలిసినవే. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ చిటికెను గురించి కాదు. రంగు, రుచి, వాసన ఏవీ మారకుండా, ప్రతిదినం ప్రతి గ్రుక్కతో ఇరవై ముప్పది సంవత్సరాల పాటు లోనికి పోయే అత్యల్ప పరిమాణాన్ని గురించి. త్రాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో సూచించింది. అంతకు ముందు ఆ హద్దు 50 ఉండేది. లీటరుకు 10 మైక్రోగ్రాములంటే ఎంత? ఒక్క గ్రాము ఆర్సెనిక్ లక్ష లీటర్ల నీటిలో కలిస్తే అంత. అయిదువేల లీటర్లు పట్టే నీటి ట్యాంకరులు ఇరవై వరుసగా నిలిపి, వాటన్నింటిలో కలిపి ఒక్క గ్రాము వేసినట్లు. మన నాలుక దానిని ఎట్లు కనిపెట్టగలదు?

నీరు తేటగా ఉన్నంత మాత్రాన మంచిదని నమ్మరాదనే సంగతి తెలుగువారికి క్రొత్త కాదు. ఫ్లోరైడు వలన ఎముకలు, పండ్లు చెడుతున్నవని 1937లో మన దేశంలో వెల్లడైనది నాటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా గ్రామాల నుండియే. తరువాత నల్లగొండ ఆ వ్యాధికి పర్యాయపదమైపోయినది. ఫ్లోరైడు లోహం కాదు, మధుమేహపు చర్చ దానితో లేదు. కాని భూమి పొరలలోని పదార్థం నీటిలో కరగి మనుష్యులను ఏండ్ల తరబడి లోలోపల మార్చివేయగలదని అది మన కళ్లెదుట చూపిన పాఠం. ఆర్సెనిక్ విషయంలో అటువంటి పాఠం తైవాన్ దేశపు నైరుతి తీరం నుండి వచ్చింది.

ఆ తీరగ్రామాలలో పైపొరలోని బావుల నీరు ఉప్పన. అందుచేత ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడి ప్రజలు చాల లోతు నుండి నీరు దానంతట అదే పైకి ఉబికివచ్చే ఆర్టీసియన్ బావులు త్రవ్వుకున్నారు. ఉప్పు బాధ తీరింది. కొన్ని దశాబ్దాలకు వింత వ్యాధి ఒకటి కనిపించసాగింది. కాలివ్రేళ్లకు రక్తప్రసారం తగ్గి, పాదం నల్లబడి, కుళ్లి, చివరకు తీసివేయవలసి వచ్చేది. నల్లపాదవ్యాధి అని దానికి పేరు. ఆ బావులలో ఆర్సెనిక్ లీటరుకు వందల మైక్రోగ్రాముల మేరకు ఉన్నట్లు పరీక్షలలో తేలింది. చర్మ, మూత్రాశయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కూడ ఆ గ్రామాలలో అధికమని అనంతర పరిశోధనలు నిరూపించినవి.

మధుమేహపు ప్రశ్న అక్కడనే మొలకెత్తింది. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు ఆ గ్రామాల నుండి 891 మంది వయోజనులను పరీక్షించినారు. ప్రతి వ్యక్తి ఏ బావి నీరు ఎన్ని సంవత్సరాలు త్రాగినాడో విచారించి, నీటిలోని ఆర్సెనిక్ పరిమాణాన్ని సంవత్సరాలతో గుణించి ఒక మొత్తం కట్టినారు. లీటరుకు అర మిల్లీగ్రాము గల నీరు ఇరవై ఏండ్లు త్రాగిన వాని లెక్క 10 అన్నమాట. వయస్సు, స్థూలకాయం, శరీరశ్రమ మొదలైన ఇతర కారణాల ప్రభావాన్ని లెక్కలలో తీసివేసిన పిమ్మట, ఆర్సెనిక్ సోకని వారితో పోల్చగా, లెక్క 15 లోపు ఉన్నవారిలో మధుమేహపు సాపేక్ష నిష్పత్తి 6.61, అంతకు మించిన వారిలో 10.05 అని వచ్చింది. మోతాదు పెరిగిన కొలది వ్యాధి కూడ పెరిగింది. ఇట్టి మెట్లవరుస కనిపించినప్పుడు శాస్త్రజ్ఞులు దానిని కాకతాళీయమని త్రోసిపుచ్చరు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనింపవలెను. నిష్పత్తి 10 అనగా రోగుల సంఖ్య పదిరెట్లని అర్థం కాదు. అది వ్యాధి ఉన్నవారికీ లేనివారికీ గల నిష్పత్తిని రెండు వర్గాలలో పోల్చిన అంకె. మధుమేహం వంటి సామాన్య వ్యాధుల విషయంలో అసలు తేడాను కొంత పెంచి చూపుతుంది. పత్రికల శీర్షికలలో 'పదిరెట్ల ముప్పు' అని కనిపించినప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. అదే ప్రాంతంలో మధుమేహం లేని 446 మందిని ఎన్నుకొని కొన్ని సంవత్సరాలు వెంట ఉండి పరిశీలించిన మరొక అధ్యయనం 2000లో వెలువడింది. అందులో అధిక మోతాదు పొందినవారికి క్రొత్తగా మధుమేహం వచ్చే అవకాశం తక్కినవారి కంటె సుమారు రెండింతలని తేలింది. మా దృష్టిలో మొదటి అధ్యయనపు పెద్ద అంకె కంటె ఈ చిన్న అంకెకే విలువ ఎక్కువ. ఏలననగా ఇందులో విషం ముందు, వ్యాధి తరువాత.

ఇక బెంగాలు కథ. ఇది మనసును కలచివేసేది. చెరువుల నీరు త్రాగి పసిపిల్లలు అతిసారంతో మరణిస్తున్నారని, యూనిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో 1970 తరువాత బంగ్లాదేశ్‌లో లక్షలాది గొట్టపుబావులు వేయించినారు. ఉద్దేశం ఉత్తమమైనది, నీరు చూడ ముచ్చటగా ఉన్నది. హిమాలయాల నుండి గంగా, బ్రహ్మపుత్ర నదులు మోసుకొనివచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడులను అంటిపెట్టుకొని ఆర్సెనిక్ ఉన్నదని, గాలి సోకని లోపలి పొరలలో సూక్ష్మజీవులు ఆ ఆక్సైడులను విచ్ఛిన్నం చేసినప్పుడు అది నీటిలోనికి విడుదల అవుతున్నదని నాడు ఎవరికి తెలుసు? 1983లో కలకత్తా నగరంలోని చర్మవైద్యులు కె. సి. సాహా గారు పశ్చిమ బెంగాలు పల్లెల నుండి వచ్చిన రోగుల అరచేతులపై, ఛాతీపై మచ్చలు చూచి ఇది పాషాణపు ఫలితమని గుర్తించినారు. సరిహద్దుకు ఆవల బంగ్లాదేశ్‌లో 1993లో నీటిలో విషం ఉన్నట్లు కనుగొన్నారు. తరువాత అక్కడ సుమారు 50 లక్షల బావులు పరీక్షించి, చెడ్డవాటికి ఎర్రరంగు, మంచివాటికి పచ్చరంగు పూసినారు. ఒక ఇంటి పంపు ఎరుపు, పొరుగింటిది పచ్చ అయిన సందర్భాలు ఎన్నో. చర్మం గట్టిపడిన రోగులలో మధుమేహం కూడ ఎక్కువగా ఉన్నదని 1998లో బంగ్లాదేశ్ నుండి వచ్చిన అధ్యయనం తెలిపింది.

పాషాణానికీ రక్తంలోని చక్కెరకూ పొత్తు ఎట్లు కుదిరింది? క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను స్రవిస్తాయని జీవశాస్త్ర విద్యార్థులకు విదితమే. ఎప్పుడు స్రవింపవలెనో ఆ కణానికి ఎట్లు తెలుస్తుంది? రక్తంలోని గ్లూకోజును కొంత తనలోనికి తీసుకొని దహించి, ఆ దహనంలో పుట్టిన శక్తిని బట్టి చక్కెర ఎంత ఉన్నదో కొలుస్తుంది. ఆర్సెనిక్‌కు గంధకమన్న బహు మక్కువ. దహనక్రియలో కీలకమైన పైరువేట్ డీహైడ్రోజినేస్ అను ఎంజైమునకు తోడ్పడే లిపోయిక్ ఆమ్లంలోని గంధకాన్ని అది పట్టి బంధిస్తుంది. దహనం మందగించినచో కణం కొలత తప్పుతుంది. చక్కెర నిండుగా ఉన్నా ఇన్సులిన్ చాలినంత వెలువడదు. రెండవ దెబ్బ కండరాలపై, కొవ్వు కణాలపై. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినప్పుడు చక్కెరను లోనికి చేరవేసే వాహకాలు కణపు ఉపరితలానికి రావలెను. ఆర్సెనిక్ ఆ కబురును మధ్యలో అడ్డుతున్నట్లు ప్రయోగశాలలో కొవ్వు కణాలపై చేసిన పరీక్షలలో కనిపించింది. కాలేయం ఆర్సెనిక్‌కు మిథైల్ సమూహాలను చేర్చి మూత్రం ద్వారా వెలుపలికి పంపుతుంది. ఇది విషాన్ని విరిచే పని అని పూర్వం భావించేవారు. నడుమ ఏర్పడే కొన్ని రూపాలు మూలపదార్థం కంటె తీవ్రమైనవని తరువాత తెలిసింది. అయితే సీసాలోని కణాలపై వాడిన మోతాదులు మనిషి రక్తంలో ఉండేవాటి కంటె తరచు హెచ్చు. ఎలుక శరీరం ఆర్సెనిక్‌ను మన కంటె చురుకుగా వెళ్లగొట్టగలదు కూడ. కనుక ప్రయోగశాల 'ఇట్లు జరుగవచ్చును' అని మాత్రమే చెప్పగలదు.

ఇంతవరకు చదివినవారికి సంబంధం స్థిరపడినట్లే తోచవచ్చును. కాని బంగ్లాదేశ్‌లోని అరైహజార్ ప్రాంతంలో 11,319 మందిని పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితాలు వేరుగా ఉన్నవి. బావి నీటిలోని ఆర్సెనిక్‌కు, మధుమేహానికి అక్కడ ఏ సంబంధమూ కానరాలేదు. తైవాన్‌లో 891 మందిలో కనిపించినది ఇక్కడ పదకొండు వేల మందిలో ఎందుకు కనిపించలేదు? తైవాన్ బావులతో పోల్చితే ఇక్కడి నీటిలో ఆర్సెనిక్ బాగా తక్కువ. అది ఒక సమాధానం. ప్రజలు ఎక్కువగా బక్కపలుచని వారు, మధుమేహం తక్కువగా వచ్చే శరీరతత్త్వం గలవారు, అది మరొకటి.

అమెరికాలో జరిగిన వాదం ఇంకా విచిత్రమైనది, విద్యార్థులకు మిక్కిలి ఉపయోగకరమైనది. ఆ దేశపు జాతీయ ఆరోగ్య సర్వేలో 2003, 2004 సంవత్సరాలలో సేకరించిన 788 మంది వయోజనుల మూత్ర పరీక్షలను విశ్లేషించి, ఆర్సెనిక్ ఎక్కువ ఉన్నవారిలో మధుమేహపు నిష్పత్తి 3.58 అని ఒక బృందం 2008లో ప్రకటించింది. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, చేపలు, రొయ్యలు తిన్నవారి మూత్రంలో కూడ ఆర్సెనిక్ పుష్కలంగా ఉంటుంది. అది ఆర్సెనోబీటైన్ అను నిరపాయకరమైన రూపం. ఆ భాగాన్ని లెక్కలో నుండి ఎట్లు తొలగింపవలెను? మొదటి బృందం గణితసూత్రంలో దానిని ఒక అంశంగా చేర్చి సవరించింది. 2009లో మరొక బృందం అదే సమాచారాన్ని తీసుకొని, ఆ భాగాన్ని నేరుగా తీసివేసి మిగిలినదానితో లెక్క కట్టగా నిష్పత్తి 1.15కు పడిపోయినది, అనగా చెప్పుకోదగిన సంబంధం లేదన్నమాట. మనుష్యులు వారే, మూత్రం అదే, అంకెలు అవే. తీసివేత పద్ధతి మారగా తీర్పు మారింది. గణాంకశాస్త్రం మాకెందుకని తరగతి ఎగవేసే మిత్రులు ఈ ఉదంతాన్ని రెండు మార్లు చదువవలెనని మా కోరిక.

ఈ వైరుధ్యాలన్నింటిని తూచి చూచుటకు అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం వారు 2011లో నిపుణుల సమావేశం ఏర్పాటు చేసినారు. దాని సమీక్ష 2012లో వెలువడింది. నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 150 మైక్రోగ్రాములకు మించిన చోట్ల మధుమేహంతో సంబంధానికి ఆధారాలు పరిమితం నుండి తగినంత వరకు ఉన్నవని, అంతకంటె తక్కువైన చోట్ల ఆధారం చాలదని వారి నిర్ణయం. అటు పిమ్మట వచ్చిన పరిశోధనలు తక్కువ మోతాదు ప్రశ్నను ఇంకను తరచుచునే ఉన్నవి. మా అభిప్రాయం కూడ ఇదే: అధిక మోతాదు విషయంలో శంకకు తావు తక్కువ, అల్ప మోతాదు విషయంలో 'ఔను' అని ఢంకా బజాయించేవారిని, 'కాదు' అని కొట్టివేసేవారిని ఇరువురినీ నమ్మరాదు.

తక్కిన లోహాలలో కాడ్మియం గురించి కొంత చెప్పవలసి ఉన్నది. జపానులోని జింజూ నదీతీరంలో గనుల నుండి వచ్చిన కాడ్మియం వరి పొలాలకు చేరి, ఎముకలు విరిగి బాధతో మూలిగే ఇటాయ్-ఇటాయ్ వ్యాధిని కలిగించిందని 1968లో ఆ ప్రభుత్వం అంగీకరించింది. పొగత్రాగేవారికి ఈ లోహం సిగరెట్టు ద్వారానే అందుతుంది. మూత్రపిండాలలో చేరిందా, పది నుండి ముప్పది సంవత్సరాలకు గాని సగం కూడ తగ్గదు. రసాయన కుటుంబంలో ఇది యశదానికి, అనగా జింకుకు తమ్ముడు. ఇన్సులిన్ బీటా కణంలో జింకుతో జతగూడి నిలువ ఉంటుంది కనుక జింకు ప్రవేశించే ద్వారం గుండా కాడ్మియం కూడ దొంగచాటుగా చొరబడుతుందని భావిస్తున్నారు. మూత్రంలో కాడ్మియం ఎక్కువ ఉన్నవారిలో మధుమేహం ఎక్కువని 2003లో అమెరికా నుండి ఒక అధ్యయనం వచ్చింది. తరువాతి ఫలితాలు ఏకముఖంగా లేవు. ఇక్కడ ఒక మెలిక. మధుమేహం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న మూత్రపిండం లోహాలను వేరు తీరున విసర్జిస్తుంది. అటువంటప్పుడు లోహం వలన వ్యాధియా, వ్యాధి వలన మూత్రంలో లోహమా? ఒక్క నాటి పరీక్షతో ఇది తేలదు.

మన వంటింటికి, మందుల అలమరకు వత్తాము. వరి తన వేళ్లతో ఆర్సెనిక్‌ను ఇతర ధాన్యాల కంటె సులభంగా పీల్చుకుంటుంది. ఎక్కువ ఎసరు పోసి గంజి వార్చే మన అమ్మమ్మల పద్ధతిలో, నీరు మంచిదైతే, అందులో కొంత భాగం గంజితో పోతుందని పరిశోధకులు చూపినారు; కొన్ని విటమినులు కూడ దానితోనే పోవుననుట వేరు మాట. నీటిని మరిగించినచో ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరియై మిగిలినదానిలో చిక్కబడుతుంది. క్రిములకు చెప్పే వైద్యం లోహానికి పనికిరాదు. ఇంతకంటె కలవరపెట్టేది చూర్ణాల సంగతి. మధుమేహాన్ని వేళ్లతో పెకలిస్తామని చెప్పి అంగళ్లలో అమ్మే పేరులేని పొడులను మన పెద్దలు నమ్మకంతో సేవిస్తుంటారు. బోస్టన్ నగర ప్రాంతపు దుకాణాలలో కొన్న దక్షిణాసియా ఆయుర్వేద మూలికా ఔషధాలు 70 పరీక్షింపగా 14 లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటి గాని అంతకు మించి గాని ఉన్నట్లు 2004లో ప్రకటించినారు. శుద్ధిచేసిన భస్మాలు, కుశ్తాలు మన రెండు ప్రాచీన వైద్యాలలోనూ ఉన్నవి. ఆ శాస్త్రాలను కించపరచుట మా ఉద్దేశం కాదు. కాని లోపల ఏమున్నదో చీటీ మీద వ్రాయని పొట్లాన్ని చక్కెర వ్యాధికి వాడుట, బీటా కణాలకు విషమని అనుమానింపబడుతున్న పదార్థాన్నే వానికి మందుగా పోయుట కావచ్చును. ఇక ఈ వ్యాసం చదివి 'నాది చక్కెర వలన కాదు, నీటి వలన' అని మాత్రలు మానివేయదలచిన వారెవరైనా ఉంటే వారికి మా మనవి: కారణం ఏదైనను చికిత్స ఒకటే, వైద్యుడు చెప్పిన మందు ఆపరాదు.

మన ప్రాంతానికి ఈ భయం ఎంతవరకు వర్తిస్తుంది? దక్కను రాతినేలలకు బెంగాలు ఒండ్రు గుణం లేదు. ఇక్కడ ప్రకృతి సహజంగా ఎక్కువగా కనిపించేది ఫ్లోరైడు. ఎరువులు, మురుగు వలన నైట్రేటు. పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలలో మాత్రం భూగర్భజలంలో ఆర్సెనిక్ చేరినట్లు పరిశోధకులు వ్రాసినారు. అది కొండ తెచ్చినది కాదు, మనిషి పారబోసినది. కనుక ఊరిపేరు చూచి ధైర్యం గాని భయం గాని చెందక ఆ బావి నీటినే పరీక్షించుట ఒక్కటే మార్గం.

ఈ సందర్భంగా కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన వసతిగృహంలోని విద్యార్థులు త్రాగేది బోరు నీరు. దానిని వడగట్టే యంత్రం ఉన్నది గాని, లోపలికి వచ్చే నీటిలో ఏమున్నదో తెలిపే కాగితం మాకు కనిపించలేదు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఆర్సెనిక్‌కు గుట్జైట్ పరీక్ష సులభమే. యశదము, ఆమ్లము కలిపినప్పుడు వెలువడే వాయువు మెర్క్యూరిక్ బ్రోమైడు కాగితంపై పసుపు నుండి గోధుమ రంగు మచ్చ వేస్తుంది. అయితే ఆ ఆర్సీన్ వాయువు స్వయంగా ప్రాణాంతకమైన విషం గనుక విద్యార్థుల చేత అది చేయించరాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి జిల్లా ప్రయోగశాలకు నమూనా పంపవచ్చును. శుభ్రమైన సీసాలో, పంపును కొద్దిసేపు వదలిన పిమ్మట పట్టిన నీరు, తేదీ, బోరు లోతు వ్రాసిన చీటీతో సహా. ఫ్లోరైడు, నైట్రేటు, ఆర్సెనిక్ మూడింటికీ ఒకేసారి వ్రాసి అడుగవలెను. వేసవిలో నీటిమట్టం పడిపోయినప్పుడు ఒకటి, వానలు వెనుకపట్టిన తరువాత ఒకటి, ఏటా రెండు నమూనాలు. వచ్చిన అంకెలను భోజనశాల గోడపై విద్యార్థులందరు చదువుకొనునట్లు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించుటకు మా విభాగం సిద్ధంగా ఉన్నది.